సీటు కింద వేలిముద్ర

షెడ్డులో అందరూ ఆమెను రుద్దుడక్క అనేవాళ్ళు. అసలు పేరు పెట్టినవాళ్ళు పోయి చాలాకాలమైంది. ఆ పేరుతో పిలిచే మొగుడూ పోయాడు. మిగిలింది పనే కాబట్టి, పని పేరే పేరైపోయింది. పాత మోటారుసైకిళ్ళ రంగు గీకడం, వాటర్ పేపరు తడిపి ఇనుమును రుద్ది రుద్ది అద్దంలా చెయ్యడం ఆమె పని. పైన రంగు కొట్టేది మేస్త్రీ. బండి రోడ్డెక్కాక జనం మెచ్చుకునేది ఆ రంగునే. కింద నునుపు లేకపోతే పైన మెరుపు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగే నాథుడు లేడు. సరే, మెప్పు లేకపోయినా మనిషి బతుకుతుంది. ఊపిరి లేకపోతేనే బతకదు.

ఆమెకు ఊపిరి తగ్గిపోతోంది. నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకోవాలి. పడుకుంటే ఛాతీ మీద ఎవరో పీట వేసుకుని కూర్చున్నట్టుంటుంది.

మూతపడ్డ మోటారుసైకిళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళకు ఆసుపత్రి కార్డు ఒకటుంది. అది చేతిలో ఉంటే కార్మికుల ఆసుపత్రిలో డాక్టరు చూస్తుంది, పీల్చే మందు ఇస్తారు. లేకపోతే గేటు దగ్గర కాపలావాడు చూస్తాడు, అంతే. ఆమె కార్డుకు గడువు తీరింది. కొత్తది కావాలంటే మిషను మీద బొటనవేలు పెట్టాలి. ఆమె బొటనవేలి మీద ఏమీ లేదు.

గీతలూ సుడులూ అన్నీ అరిగిపోయాయి. థిన్నరు తిన్నది కొంత, వాటర్ పేపరు తిన్నది కొంత. ఇనుము నునుపెక్కినకొద్దీ వేలూ నునుపెక్కి, చివరికి గోలీకాయలా తయారైంది.

కార్డుల ఆఫీసులో కిటికీ వెనక గుమాస్తా చెడ్డవాడేం కాదు. ఓపిగ్గానే చూశాడు.

"గట్టిగా నొక్కకమ్మా. మెత్తగా పెట్టు. ఆ... ఎర్ర లైటే. ఇంకో వేలు పెట్టు."

"పదీ అయిపోయాయి బాబూ. కాలివేళ్ళు పెట్టమంటావా?"

వెనక వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. గుమాస్తా కూడా నవ్వాడు. గుడ్డతో మిషను తుడిచి మళ్ళీ పెట్టించాడు. మళ్ళీ ఎర్ర లైటే.

"నేను ఫలానా అని నీకు తెలుసు కదా. ముందరి కార్డు నువ్వే రాసిచ్చావు."

"నాకు తెలిస్తే ఏం లాభమమ్మా? మిషనుకి తెలియాలి. మొదటిసారి నువ్వు పెట్టిన వేలు దాని కడుపులో ఉంది. దాంతో ఇది కలవాలి."

"నా వేలు దాని కడుపులో ఉంటే, నా దగ్గర అడుగుతుందెందుకు?"

"అదంతేనమ్మా. కళ్ళు చూసే మిషను కోసం రాశాం, ఇంకా రాలేదు. కొన్నాళ్ళు పని మానేసి కూర్చో. గీతలు మళ్ళీ మొలుస్తాయంటారు."

"మొలవడానికి ఇదేమన్నా గడ్డా?"

అన్నదే గానీ ఇంటికొచ్చి పని మానేసింది. ఆశ ఎంత చెడ్డదంటే, వెక్కిరించిన మాటనే నమ్మిస్తుంది.

ఇల్లు ఒకటే, వాటాలు రెండు. నడుమ చెక్క అడ్డు. ఇవతల రుద్దుడక్క, అవతల ఆమె తోడికోడలు. అన్నదమ్ములిద్దరికీ భార్యలుగా ఒకే గడపలోకి వచ్చారు, ఒకే ఏడాది ఫ్యాక్టరీలో చేరారు, రంగు కాల్చే పొయ్యి మూతి దగ్గర ఇటొకరు అటొకరు నిలబడ్డారు. ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు బట్టల కొట్టులో ఒక్క చోటు ఖాళీ ఉందని తెలిసి ఇద్దరూ వెళ్ళారు. కొట్టు యజమాని ఇద్దర్నీ చూసి చిన్నామెను ఉంచుకున్నాడు. పెద్దామె రంగుల షెడ్డుకు పోయింది. అప్పట్నుంచి చిన్నకోడలి చేతులు మెత్తటి గుడ్డలు మడతపెడుతూ మెత్తబడ్డాయి, పెద్దకోడలి చేతులు ఇనుము రుద్దుతూ అరిగాయి. దీని మీద ఇద్దరూ ఎప్పుడూ ఒక్క మాటా అనుకోలేదు. అనుకోని మాటే ఇంట్లో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది.

చిన్నకోడలికీ అప్పుడప్పుడు పిల్లికూతలొస్తాయి, కానీ ఆమెకు కార్డుంది, గీతలున్న వేలుంది. పెద్దామె పని మానేశాక కంచం అడ్డు అవతలి నుంచే వచ్చేది. కంచంతోపాటు ఓ చురక కూడా.

"ఏంటక్కా, పొద్దున్నే వేలు ఎండలో పెట్టి చూసుకుంటున్నావు? పురిటి పాపని చూసుకున్నట్టు."

"పాపయితే ఈపాటికి నడిచేది. ఇది కదలదు మెదలదు."

"నూనె రాయనా?"

"రాశాను. వేడినీళ్ళలోనూ పెట్టాను. ఇంకెందులో పెట్టమంటావు?"

"నోట్లో పెట్టుకుని కూర్చో. మాటలైనా తగ్గుతాయి."

అలా నడుస్తుండగా మేస్త్రీ వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, చెప్పులు విడవాలా వద్దా అన్నట్టు కాళ్ళు కదిపాడు. అడగకూడనిది అడగడానికి వచ్చినవాళ్ళు అలాగే చేస్తారు.

"అక్కా, ఒక్క ఫ్రేము. నువ్వు తప్ప ఎవరు ముట్టుకున్నా పాడుచేస్తారు."

"వేలు మొలిపించుకుంటున్నానని చెప్పాను కదా. ఇసక కొట్టించు, గంటలో రంగంతా ఎగిరిపోతుంది."

"ఇసక కొడితే బండాయన నన్ను కొడతాడు. ఏదీ పోకూడదంట. నంబరు పోకూడదు, అతుకుల మీద గుర్తులు పోకూడదు, సొట్ట ఉంటే సొట్ట కూడా ఉండాలంట. రంగు మాత్రం కొత్తది కావాలంట."

"ముసలామెకు పెళ్ళిచూపులన్నమాట."

"మీ ఫ్యాక్టరీ బండే అక్కా. మొదటి రకం."

ఆ మాట అని ఉండకపోతే ఆమె వెళ్ళేది కాదేమో. మర్నాడు బొటనవేలికి గుడ్డ పీలిక చుట్టుకుని, చూసి వచ్చేస్తానంటూ షెడ్డుకు వెళ్ళింది. చూసిరమ్మంటే కాల్చివచ్చే రకాలున్నారు. ఆమె చూసివస్తానని వెళ్ళి పనిలో కూర్చునే రకం.

ఫ్రేము రెండు కొయ్య స్టాండ్ల మీద పడుకోబెట్టి ఉంది. చక్రాల్లేవు, ఇంజను లేదు, ఉత్త ఎముకలగూడు. ఎవరెవరి చేతుల్లో పడిందో, పైన వెండిరంగు, పెచ్చులూడినచోట ఎరుపు, ఎరుపు కింద పచ్చ. హ్యాండిలు బిగించే మెడ దగ్గర నంబరంతా రంగుతో పూడుకుపోయింది. పక్కనే దాని యజమాని నిలబడి ఉన్నాడు. షెడ్డులో ఆయనకు మ్యూజియం గారని పేరు పెట్టారు. పాత బళ్ళు కొని, పుట్టిననాటి వేషం వేయించి, పెద్ద హాల్లో వరసగా నిలబెట్టుకుంటాడు. మంచి మనిషే. ఇనుమును ముట్టుకునేటప్పుడు ఆయన వేళ్ళు ఎంత మర్యాదగా ఉంటాయో!

"అమ్మా, ఇక్కడ చూడండి. ఈ అతుకు మీద అలలు అలలుగా ఉంది కదా, అది చేత్తో చేసిన పని. అది అరగకూడదు. ఈ నంబర్లో ఏడంకె కాస్త వంకరగా ఉంటుంది, సుత్తి పక్కకు పడి ఉంటుంది. ఆ వంకర కూడా మనకు కావాలి."

"కావాలంటే ఉంటుంది సారూ. వంకరలు పోగొట్టడమే కష్టం, ఉంచడం ఏముంది."

"ఇంకొకటి. సీటు కింద రేకు దగ్గరకొచ్చినప్పుడు నన్ను పిలవండి. నేను లేకుండా అక్కడ గీకొద్దు."

ఆయన వెళ్ళాక ఆమె మూతికి గుడ్డ కట్టుకుని పని మొదలుపెట్టింది. రంగు ఊడే మందు కుంచెతో పూసి, అది ఉబ్బేదాకా ఆగి, ఇత్తడి రేకుతో తోసింది. ఇత్తడే ఎందుకంటే అది ఇనుముకంటే మెత్తన, గీతలు పడవు. నంబరు దగ్గర పళ్ళుతోముకునే పాత బ్రష్షు. వెండి ఊడింది, ఎరుపు ఊడింది. ఒక్కో పొర ఊడినప్పుడల్లా ఘాటు ముక్కుల్లోకి పోయి కళ్ళల్లోంచి నీళ్ళుగా బయటికొచ్చేది. మధ్యమధ్య బయటికెళ్ళి గోడ పట్టుకుని నిలబడేది. మేస్త్రీ చూసీ చూడనట్టు ఉండేవాడు. షెడ్డుకు కిటికీ పెట్టించమని ఆమె ఎన్నిసార్లు అడిగినా, దుమ్ము వచ్చి తడి రంగు మీద వాలుతుందని పెట్టించలేదు. రంగు మీద దుమ్ము వాలితే బండి యజమాని ఒప్పుకోడు. ఊపిరితిత్తుల మీద వాలితే ఒప్పుకోని వాళ్ళెవరున్నారు?

పచ్చ కూడా ఊడాక నలుపు బయటపడింది. పుట్టుకతో వచ్చిన నలుపు. ఉత్త నలుపు కాదు, వెలుతురులో పెడితే లోపల నీలం కదిలే నలుపు. ఆ నలుపుతోనే కదా ఆమె వయసంతా గడిచింది.

ఫ్యాక్టరీలో ఫ్రేముకు రంగు కొట్టరు, ముంచుతారు. రంగు తొట్టిలో ముంచి, కొక్కేనికి వేలాడదీసి, కారేదంతా కారిపోయాక పొయ్యిలోకి పంపుతారు. పొయ్యి అవతలి మూతి దగ్గర ఇద్దరాడవాళ్ళు నిలబడాలి. బయటికొచ్చిన ఫ్రేము ఆరిందో లేదో బొటనవేలితో నొక్కి చూడాలి. ఎక్కడబడితే అక్కడ కాదు, సీటు కింద దాగిపోయే రేకు మీద మాత్రమే. ముద్ర పడకపోతే ముందుకు పోతుంది. పడితే మళ్ళీ పొయ్యిలోకి. రెండోసారి కాలి, ఆ ముద్ర అలాగే రాయిలా గట్టిపడేది. ఈ పని చేసే పరికరం ఒకటి ఉండేదట, కొనలేదు. పరికరానికి డబ్బు పెట్టాలి, వేళ్ళయితే జీతంతోపాటే వస్తాయి. పొయ్యిలోంచి వచ్చిన ఇనుము మీద రోజంతా వేలు పెడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

సీటు రేకు దగ్గరకు రాగానే మ్యూజియం గారికి కబురు వెళ్ళింది. ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆమె రేకు మీద గడ్డకట్టిన గ్రీజు పెంకు మెల్లగా లేపింది. కింద నల్లటి రంగులో, మసకగా, రూపాయి బిళ్ళంత కూడా లేని గుండ్రటి ముద్ర.

"ఉంది!" అన్నాడాయన. "ఉందమ్మా! దీన్ని ఫ్యాక్టరీ వేలు అంటాం మేము. ఇదుంటే బండి అసలుదని ఇక ఎవరూ కాదనలేరు. ఎన్ని ఫ్రేములు చూశానో, ఒక్కదానికీ దొరకలేదు. అందరూ ఇసక కొట్టించేశారు."

"ఆ వేలు పెట్టింది మేమే సారూ."

"ఎవరు?"

"నేనూ, మా తోడికోడలూ. ఈ రకం బండికి పొయ్యి దగ్గర మేమిద్దరమే."

ఆయన ఆమెను మొదటిసారి చూసినట్టు చూశాడు. చూపు ఆమె ముఖం మీద ఆగలేదు, చేతుల మీదికి దిగింది. "ఏదీ, చూపించండి" అన్నాడు. గుడ్డ పీలిక విప్పి చూపించింది. ఆయన వంగి చూసి, మర్యాదగా చూపు మళ్ళీ ముద్ర మీదికి తిప్పుకున్నాడు.

ఆ క్షణంలోనే ఆమె బుర్రలో దీపం వెలిగింది. నా పాత వేలు ఆఫీసు మిషను కడుపులో ఉందన్నాడు గుమాస్తా. ఆ పాత వేలే ఇక్కడా ఉంది. దీన్ని తీసుకెళ్ళి దానికి ఆనిస్తే? రెండూ కలిస్తే పచ్చ లైటు వెలగక చస్తుందా?

మేస్త్రీతో చెప్తే అతను బీడీ కింద పడేసుకున్నాడు.

"ఫ్రేమునా? ఆఫీసుకా? కిటికీలో ఎలా పడుతుందక్కా?"

"ఆ రేకు ఒక్కటీ ఆనిస్తే చాలు."

"మిషను బతికున్న వేలే చదువుతుంది."

"ఇది చచ్చిన వేలని ఎవరు చెప్పారు? నేను బతికే ఉన్నాను కదా."

మేస్త్రీ కింద పడ్డ బీడీ ఏరుకున్నాడు. నవ్వాలనుకున్నాడు, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. ఆమె మ్యూజియం గారినే అడిగింది. ఆయన చాలా బాధపడ్డాడు, నిజంగానే బాధపడ్డాడు.

"ఫ్రేము కదిలించడం కుదరదమ్మా. చిన్న గీత పడినా తిరిగి రాదు. కానీ ఒక పని చేద్దాం. మీరు ఆ ముద్రని శుభ్రం చెయ్యండి. నేను పెద్ద కెమెరాతో ఫోటో తీయిస్తాను. ఇది మీ వేలే అని నా సంతకంతో రాసిస్తాను. అది తీసుకెళ్ళి చూపించండి. నా బండికీ ఒక చరిత్ర ఏర్పడుతుంది."

వరసలో అందరికంటే ముందు నిలబడి, గుమాస్తా ముందు ఆ ఫోటో పెడుతున్నట్టు ఆమె ఊహించుకుంది. 'చూడు బాబూ, నా వేలు ఎంత కొత్తగా ఉందో' అనాలనుకుంది. ఇంటికెళ్ళేసరికి ఆ ముచ్చట తోడికోడలికి చెప్పకుండా ఉండలేకపోయింది.

"అది నీ వేలే అని ఎలా తెలుసక్కా? నాదీ కావచ్చుగా."

"పొయ్యికి ఎడమ పక్క నేను, కుడి పక్క నువ్వు. ముద్ర ఎడమ పక్కనుంది."

"ఫ్రేము తిరగేసి పంపేవాళ్ళుగా ఒక్కోసారి?"

"నీకు ఓర్వలేనితనం."

"అవునవును. నీ కళ్ళు, నీ నడుము, నీ మొగుడు, ఇవేవీ చూసి ఓర్వలేకపోలేదు గానీ, నీ వేలు చూసి ఓర్వలేకపోతున్నా."

ఇద్దరూ నవ్వుకున్నారు. పెద్దామెకు ఆ నవ్వులో దగ్గు వచ్చి, చాలాసేపు తగ్గలేదు.

మర్నాడు పొద్దున ముద్ర శుభ్రం చెయ్యడానికి కూర్చుంది. చుట్టూ కాగితం టేపు అంటించి మధ్యలో ద్వీపంలా వదిలింది. థిన్నరులో తడిపి గట్టిగా పిండిన దూదితో, నొక్కకుండా, పసిపిల్ల బుగ్గ తుడిచినట్టు తుడిచింది. మసక కరిగింది. గీతలు ఒక్కొక్కటే పైకి లేచాయి, దున్నిన చేను మీద పొద్దు పొడిచినట్టు. సుడి తేలింది. సుడికి అడ్డంగా, ఏటవాలుగా, ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక బాట తేలింది.

ఆమె దూది పక్కన పెట్టేసింది.

ఆ బాట ఆమెకు తెలుసు. ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో చిన్నకోడలు కొక్కెం జారి బొటనవేలు ఏటవాలుగా చీల్చుకుంది. ఆ వేలును తన చెంగులో చుట్టి, నెత్తురు కారుతున్న పిల్లను కాంపౌండరు దగ్గరకు పరిగెత్తించింది ఈమే. కుట్లు వంకరగా పడ్డాయి. మానినా మచ్చ మిగిలిపోయింది. పొయ్యి దగ్గర తిట్టే మేనేజరు వెనక్కి తిరిగితే చిన్నకోడలు ఆ మచ్చవేలు చూపించి వెక్కిరించేది.

వేలు తోడికోడలిది. ఫ్రేమును తిరగేసే పంపారు.

ఆమె మూతికి కట్టుకున్న గుడ్డ విప్పింది. ఏడవలేదు. ఏడవాలంటే కూడా ఊపిరి కావాలి. ఇంకా ఎన్ని ఫ్రేములకు తన వేలు పెట్టి ఉంటుంది? వందలా, వేలా? అవన్నీ తుక్కు కింద కరిగిపోయి ఉంటాయి, లేదా ఇసక దెబ్బకు ఎగిరిపోయి ఉంటాయి. తాను ఈ లోకంలో పని చేశానని చెప్పే గుర్తు ఒక్కటైనా ఎక్కడుందా అని వెతుక్కుంది. ఇంట్లో లేదు, ఆఫీసులో ఉన్నదాన్ని మిషను ఒప్పుకోదు, ఒంటి మీదే లేదు. వెయ్యి నంబరు వాటర్ పేపరు నీళ్ళ గిన్నెలో నానుతోంది. రెండు సార్లు అలా రుద్దితే చాలు, ముద్ర ఉండదు. దొరకలేదని మ్యూజియం గారు ఏడుస్తాడు, అంతే కదా.

పేపరు చేతిలోకి తీసుకుంది కూడా. తీసుకుని, ముద్ర చుట్టూ ఉన్న అంచును పలచగా రుద్దడం మొదలుపెట్టింది, కొత్త రంగు పాత రంగుతో మెట్టు లేకుండా కలిసేలాగ. ఎంత కోపమొచ్చినా ఆ పిల్ల వేలును రెండోసారి తెగనివ్వలేదు.

ఆదివారం బట్టల కొట్టుకు సెలవు. చిన్నకోడలు షెడ్డుకు వచ్చింది. వేలు ఎవరిదో పెద్దామె చెప్తే మ్యూజియం గారు పిలిపించాడు. ఫ్రేము చూసీ చూడగానే పకపకా నవ్వింది.

"ఓయ్ అక్కా! ఇది నా మచ్చవేలే! చూశావా, చెప్పానా..."

అప్పుడు పెద్దామె ముఖం చూసింది. నవ్వు సగంలో తెగిపోయింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అనలేదు. ఆ సామెత ఎవరు పుట్టించారో గానీ ఆ నవ్విన తోడికోడలి గురించి ఏమీ చెప్పలేదు. ఆమె పరిస్థితి ఇంకా ఘోరం.

మ్యూజియం గారికి మాత్రం పట్టపగ్గాల్లేవు. చిన్నకోడలి వేలు ముద్ర పక్కన పెట్టించి ఫోటోలు తీయించాడు. "ఇక్కడ, ఇలా, కాస్త పక్కకి. నవ్వండి" అన్నాడు. ఆమె నవ్వలేదు. మేస్త్రీ చివరి పూత రంగు పూశాడు. ముద్ర మీద మాత్రం రంగు లేకుండా, పలచటి వార్నిష్ మాత్రమే వేశాడు. వంకర ఏడు వంకరగానే ఉంది, అతుకు మీద అలలు అలలుగానే ఉన్నాయి. ఫ్రేము ఎంత బాగా వచ్చిందంటే, ఎవరూ ముట్టుకోలేదేమో అన్నట్టుంది. ఈ పనిలో అంతకంటే పెద్ద మెప్పు లేదు.

ఇంటికొచ్చాక చిన్నకోడలు అడ్డు ఇవతలికి వచ్చి కూర్చుంది. చాలాసేపు నేల మీద ఏదో గీసింది.

"అక్కా, నా కార్డు మీద నువ్వు వెళ్ళు."

"పిచ్చా?"

"కార్డు ఫోటోల్లో ఇద్దరమూ ఫ్యాక్టరీ టోపీలే పెట్టుకున్నాం, ముఖమే కనపడదు. డాక్టరు గదిలోకి నువ్వు వెళ్ళు. మందుల కిటికీ దగ్గర మిషనుంటుంది, అక్కడ నేను వేలు పెడతాను."

"పట్టుకుంటే?"

"పట్టుకుంటే జైల్లో పెడతారు. అక్కడైనా ఆసుపత్రి ఉంటుంది."

"మరి నీకు దగ్గొస్తే?"

"రాకుండా చూసుకుంటాను" అంది చిన్నకోడలు. ఇద్దరికీ తెలుసు, ఆ మాటకు అర్థం లేదని.

ఆసుపత్రిలో నర్సు పిలిచింది తోడికోడలి పేరు. పెద్దామె కదల్లేదు. చిన్నకోడలు మోచేత్తో పొడిస్తే అప్పుడు లేచింది.

డాక్టరు చిన్నపిల్ల. చేతిలో గొట్టం పెట్టి ఊదమంది. "ఇంకా... ఇంకా... ఇంకా ఊదండి" అంది. ఇంకా ఏమీ లేదు. ఆ పిల్ల మిషను వంకా, పాత కాగితాల వంకా మార్చి మార్చి చూసింది.

"పోయినసారి మీ ఊపిరి బాగానే ఉందే. ఇంత తొందరగా ఎలా పడిపోయింది? ఏం పని చేస్తారు మీరు?"

పెద్దామె నోరు తెరిచింది. పొయ్యి మూతి, రంగు ఊడే మందు, థిన్నరు, కిటికీ లేని షెడ్డు, పొరలు పొరలుగా ఊడిన పచ్చా ఎరుపూ వెండీ, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. అడిగేవాళ్ళు లేక ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు ఒకరు కలం పట్టుకుని, ముఖం లోకి చూస్తూ అడుగుతున్నారు. ఆ కాగితం మీద పేరు తనది కాదు.

"బట్టల కొట్టులో పనమ్మా" అంది. "మడతలు పెడతాను."

"అయితే నూగు పీలుస్తున్నారు. మూతికి గుడ్డ కట్టుకోండి. కొత్త బట్టలు దులపకండి."

డాక్టరు అదే రాసింది. రేపెవరైనా లెక్క తీస్తే, రంగుల షెడ్డుల్లో ఊపిరి పోగొట్టుకున్నవాళ్ళు ఒకరు తగ్గుతారు, బట్టల కొట్లలో ఒకరు పెరుగుతారు. షెడ్డుకు కిటికీ ఎందుకని అడిగితే చూపించడానికి ఒక్క కాగితమూ ఉండదు.

మందుల కిటికీ దగ్గర చిన్నకోడలు వేలు పెట్టింది. పచ్చ లైటు వెంటనే వెలిగింది. పీల్చే మందు డబ్బా ఒక్కటి బయటికి వచ్చింది.

"ఈ నెలకు ఇదే" అన్నాడు లోపలివాడు. "మళ్ళీ వచ్చే నెలే."

చిన్నకోడలు డబ్బా అందుకుని పెద్దామె చేతిలో పెట్టింది. అప్పుడు ఇచ్చినామెకే చిన్న దగ్గు వచ్చింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, ముఖం అటు తిప్పుకుంది.